అడిగిందే ఇచ్చే యంత్రం

రాత్రి తొమ్మిదింటికి పిల్లాడు హోంవర్క్ పుస్తకం ముందు పెట్టుకుని, పక్కన ఫోన్‌లో ప్రశ్న టైప్ చేస్తాడు. రెండు సెకన్లలో జవాబు వచ్చేస్తుంది. చూసి రాసేస్తే పని అయిపోతుంది. హోంవర్క్ పూర్తయింది కాబట్టి మనకూ నిశ్చింతే. కృత్రిమ మేధ గురించి తల్లిదండ్రుల మీటింగుల్లో వచ్చే ప్రశ్నలు చాలావరకు ఇక్కడి నుంచే మొదలవుతాయి. వాడనివ్వాలా, వద్దా? ఎంతవరకు?

ఈ నెల జీవిత కథ ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పదు. ఇలాంటి యంత్రాలు ఇంకా ఇళ్లలోకి రాని రోజుల్లోనే వాటి గురించి కంగారుపడ్డ ఒక గణిత శాస్త్రవేత్త కథ ఇది. ఆయన పేరు నోర్బర్ట్ వీనర్. ఆయన బాల్యమంతా ఒక పెద్ద హోంవర్క్‌లాగే గడిచింది. అందుకే ఈ పేజీకి ఆయన్ని ఎంచుకున్నాం.

వీనర్ 1894 నవంబరు 26న అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో కొలంబియా అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి లియో వీనర్ రష్యా సామ్రాజ్యం నుంచి వలస వచ్చిన యూదుడు. శాకాహారులంతా కలిసి ఉండే ఒక ఆశ్రమం లాంటిది పెట్టాలని అమెరికా వచ్చారాయన. అది కుదరలేదు. సొంత చదువుతో ఎన్నో భాషలు నేర్చి, చివరికి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో స్లావిక్ భాషల ప్రొఫెసర్ అయ్యారు. టాల్‌స్టాయ్ రచనలను రెండేళ్లలో 24 సంపుటాలుగా ఇంగ్లిష్‌లోకి తెచ్చారంటే ఆయన పని వేగం ఎలాంటిదో ఊహించుకోవచ్చు. కొడుకు కూడా జీవితాంతం శాకాహారిగానే ఉన్నాడు.

ఏడేళ్లకు నోర్బర్ట్‌ను బడిలో వేశారు. పిల్లాడు కొన్నిట్లో తోటివాళ్లకన్నా ఎంతో ముందున్నాడు, కొన్నిట్లో వెనకబడ్డాడు. బడి లాభం లేదనుకుని లియో మాన్పించేశారు. ఇక పాఠాలన్నీ ఇంట్లోనే, తన దగ్గరే. ఆల్జీబ్రా పాఠం మామూలు కబుర్లలాగే మొదలయ్యేది. తండ్రి తన పని తాను చేసుకుంటూనే వింటుండేవారు. మొదటి తప్పు దొర్లగానే గొంతు మారిపోయేది. జర్మన్‌లో తిట్లు వచ్చిపడేవి. పిల్లాడు ఏడవడం, తల్లి అడ్డురావడం, తండ్రి మరింత మండిపడడం, చాలా పాఠాలు ఇలాగే ముగిసేవని వీనర్ పెద్దయ్యాక తన ఆత్మకథలో రాసుకున్నారు. ఎనిమిదేళ్లప్పుడు కళ్లు దెబ్బతింటున్నాయని డాక్టరు ఆరు నెలలపాటు పుస్తకం ముట్టుకోవద్దన్నారు. అయినా పాఠాలు ఆగలేదు. చదివి వినిపిస్తుంటే విని, లెక్కలు మనసులోనే చేసేవాడు. కాగితం లేకుండా గణితం ఆలోచించే అలవాటు అప్పుడే పడిందంటారు ఆయన. ఆ అలవాటు జీవితాంతం ఉపయోగపడిందని కూడా ఒప్పుకున్నారు.

ఫలితాలు చూస్తే ఏ తండ్రికైనా ఛాతీ ఉప్పొంగుతుంది. 11 ఏళ్లకు హైస్కూలు పూర్తి. 14 ఏళ్లకు టఫ్ట్స్ కాలేజీలో గణితంలో డిగ్రీ. 18 ఏళ్లకు హార్వర్డ్ నుంచి పీహెచ్.డి. పత్రికలవాళ్లు ఇంటిచుట్టూ తిరిగారు. 1911లో ఒక పత్రిక లియో పెంపకం మీద పెద్ద వ్యాసం వేసింది. తన పిల్లలకు ప్రత్యేకమైన తెలివేమీ లేదని, అది తన శిక్షణ ఫలితమేనని ఆయన అందులో చెప్పారు. పిల్లలకు గర్వం తలకెక్కకూడదని అలా అన్నారేమో. కొడుకు మీద మాత్రం ఆ మాట మరోలా పనిచేసింది. గెలిస్తే ఆ ఘనత నాన్నది, ఓడితే ఆ తప్పు తనది, ఇదే ఆ మాటకు అర్థమని ఆయనకు తోచింది. ఆ గాయం ఎంత లోతుగా దిగిందంటే, 58 ఏళ్ల వయసులో ఆత్మకథ రాస్తూ కూడా దాన్ని మరిచిపోలేకపోయారు. మధ్యమధ్య ఆయన్ని కుంగదీసే దిగులు జీవితాంతం వెంటాడింది.

ఇక్కడ ఇంకో పిల్లవాడి గురించి కూడా చెప్పాలి. వీనర్ హార్వర్డ్‌లో చేరిన 1909లోనే విలియం జేమ్స్ సైడిస్ అనే 11 ఏళ్ల కుర్రాడూ అక్కడ చేరాడు. ఇతని తండ్రి కూడా రష్యా సామ్రాజ్యం నుంచి వచ్చినవాడే. మనస్తత్వ శాస్త్రవేత్త. కొడుకును తన పద్ధతులకు సాక్ష్యంగా లోకానికి చూపించినవాడు. మరుసటి ఏడాది జనవరిలో సైడిస్ నాలుగు కొలతల ఆకారాల మీద గణిత సంఘంలో ప్రసంగించాడు. విన్నవాళ్లలో వీనర్ ఉన్నారు. పీజీ విద్యార్థి ఇచ్చినా మెచ్చుకోదగ్గ ప్రసంగమని ఆయనకు అనిపించింది. తర్వాత ఆ కుర్రాడు లోకం కళ్ల నుంచి పారిపోయాడు. గణితం వదిలేసి, లెక్కలు కట్టే మిషన్ల మీద గుమాస్తా ఉద్యోగాలు చేసుకుంటూ బతికాడు. ట్రామ్ టికెట్లు పోగుచేసేవాడు. 1937లో ఒక పత్రిక అతన్ని వెతికి పట్టుకుని, ఎగతాళిగా కథనం వేసింది. 1944లో, 46 ఏళ్ల వయసులో ఒంటరిగా పోయాడు. వీనర్ తన పుస్తకంలో ఆ పత్రికను గట్టిగానే తప్పుపట్టారు. తాను నిలదొక్కుకున్నాననీ అతను నిలదొక్కుకోలేకపోయాడనీ ఆయన గొప్పలు పోలేదు. ఇద్దరి మధ్యా ఉన్న దూరం ఎంత తక్కువో ఆయనకు తెలుసు.

డాక్టరేట్ తర్వాత కొన్నేళ్లు కుదురు లేదు. కేంబ్రిడ్జ్‌లో బెర్ట్రాండ్ రసెల్ దగ్గర చదివారు, జర్మనీ వెళ్లారు, ఎన్‌సైక్లోపీడియాకు వ్యాసాలు రాశారు, బోస్టన్‌లో పత్రికా విలేకరిగా పనిచేశారు. 1919లో ఎం.ఐ.టి.లో గణితం చెప్పే ఉద్యోగం దొరికింది. రిటైరయ్యే వరకూ అక్కడే. పొట్టి మనిషి, లావు కళ్లద్దాలు, గడ్డం. కారిడార్లలో ఎదురైనవారినల్లా ఆపి తన తాజా ఆలోచన చెప్పేవారు. మతిమరుపు మీద ఎన్నో కథలున్నాయి. కొన్ని కల్పితాలు కూడా కావచ్చు కాబట్టి వాటిని వదిలేద్దాం.

ఆయన్ని మన కథలోకి తెచ్చింది రెండో ప్రపంచ యుద్ధం. జర్మన్ విమానాలు లండన్ మీద బాంబులు వేస్తున్న రోజులు. నేల మీది ఫిరంగి విమానాన్ని కొట్టాలంటే, గుండు పైకి చేరేసరికి విమానం ఎక్కడుంటుందో ముందే తెలియాలి. పైలట్ తప్పించుకోవడానికి వంకరటింకరగా నడుపుతుంటాడు. ఇప్పటివరకు ఎలా వెళ్లాడో చూసి, తర్వాత ఎటు వెళ్తాడో లెక్కకట్టాలి. జూలియన్ బిగెలో అనే యువ ఇంజినీరుతో కలిసి వీనర్ ఆ గణితం తయారుచేశారు. 1942లో రాసిన రహస్య రిపోర్టుకు పసుపు అట్ట వేశారు. దాన్ని అర్థం చేసుకోలేక తలలు పట్టుకున్న ఇంజినీర్లు ఆ అట్ట రంగు మీద జోకులు వేసుకునేవారట. ఆ పరికరం యుద్ధంలోకి వెళ్లలేదు కానీ, ఆ లెక్క మాత్రం నిలిచింది. ఈరోజు చాట్‌బాట్ చేసేది కూడా మూలంలో ఊహించడమే. ఇంతవరకు వచ్చిన మాటలను బట్టి తర్వాత రాదగ్గ మాట ఏదో అంచనా వేస్తుంది. వాక్యం సహజంగా ఉండడం వేరు, నిజం కావడం వేరు. అది తప్పు చెప్పినా తడబడకుండా చెప్పేది అందుకే.

ఆ పనిలోనే ఆయనకు ఇంకో విషయం తట్టింది. మన మేడ మీద నీళ్ల ట్యాంకులో ఒక బంతి తేలుతుంటుంది. నీరు పెరిగితే బంతి లేచి నీటిని ఆపేస్తుంది, తగ్గితే దిగి వదులుతుంది. జరిగినదాన్ని చూసుకుని, చేయబోయేది సరిదిద్దుకోవడం. దీన్నే ఫీడ్‌బ్యాక్ అంటాం. గ్లాసు కోసం చెయ్యి చాచినప్పుడు మన మెదడు చేసేదీ ఇదే అయితే, ఈ దిద్దుబాటు శృతిమించితే ఏమవుతుంది? వీనర్, బిగెలో ఈ ప్రశ్నను డాక్టరు మిత్రుడు ఆర్టురో రోసెన్‌బ్లూత్‌ను అడిగారు. అలాంటి జబ్బు నిజంగానే ఉందని ఆయన వెంటనే చెప్పారు. చిన్నమెదడు దెబ్బతిన్న రోగి గ్లాసు అందుకోబోతే చెయ్యి అటూ ఇటూ ఊగిపోతుంది. యంత్రానికీ మనిషికీ ఒకే సూత్రం. ఈ ఆలోచనలన్నీ కలిపి 1948లో ఒక పుస్తకం రాశారు. పడవ చుక్కాని పట్టేవాడికి గ్రీకులో ఉన్న మాట తీసుకుని ఆ శాస్త్రానికి సైబర్నెటిక్స్ అని పేరు పెట్టారు. నిండా సమీకరణాలు, బోలెడన్ని అచ్చుతప్పులు. అయినా ఎవరూ ఊహించనంతగా అమ్ముడుపోయింది. ఇవాళ సైబర్ నేరం, సైబర్ పోలీసు అంటున్నప్పుడు మన నోట పలికేది ఆ పేరులోని ముక్కే.

పేరు వచ్చాక మామూలుగా అయితే కంపెనీల సలహాదారుగా హాయిగా గడిపేయవచ్చు. వీనర్ అలా చేయలేదు. హిరోషిమా తర్వాత ఆయనకు నిద్ర పట్టలేదు. ఒక విమాన కంపెనీలో క్షిపణుల మీద పనిచేసే ఇంజినీరు ఆ పాత రిపోర్టు కాపీ పంపమని అడిగితే ఇవ్వనన్నారు. ఆ తిరస్కారం 1947 జనవరిలో ఒక ప్రసిద్ధ మాసపత్రికలో అచ్చయింది. ఇక ముందు సైనిక పనులకు ఉపయోగపడేదేదీ ప్రచురించనన్నారు. 1949 ఆగస్టులో మోటారు కార్మికుల సంఘం అధ్యక్షుడు వాల్టర్ రూథర్‌కు తనంతట తానే ఉత్తరం రాశారు. మనుషుల్లేకుండా నడిచే అసెంబ్లీ లైను ఇక ఎంతో దూరంలో లేదని, దాని గురించి ఒక కంపెనీకి సలహా ఇవ్వడానికి తాను ఒప్పుకోలేదని, ఉద్యోగాలు పోయేది మీవాళ్లవి కాబట్టి ముందే మేలుకోవాలని హెచ్చరించారు. రూథర్ దాన్ని తేలిగ్గా తీసుకోలేదు. ఇద్దరూ తర్వాత కలుసుకున్నారు. మరుసటి ఏడాది సాధారణ పాఠకుల కోసం ఇదే విషయం మీద ఇంకో పుస్తకం తెచ్చారు. దాన్ని అంకితమిచ్చింది ఎవరికనుకున్నారు? కాలం చేసిన తండ్రికి. తనకు అందరికన్నా దగ్గరి గురువూ, అందరికన్నా ప్రియమైన ప్రత్యర్థీ ఆయనేనని ఆ అంకితంలో రాసుకున్నారు.

ఆయనకు మన దేశంతోనూ సంబంధం ఉంది. 1955-56లో కొన్ని నెలలు కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నారు. మహలనోబిస్ స్థాపించిన ఆ సంస్థలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన సి.ఆర్. రావు గారు అప్పటికే పేరున్న శాస్త్రవేత్త. బొంబాయి గణితజ్ఞుడు పి.ఆర్. మసానీతో కలిసి వీనర్ అక్కడ తన అంచనా లెక్కలను మరింత విస్తరించారు. సరిగ్గా ఆ కాలంలోనే, 1956 వేసవిలో, అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో కొందరు యువ శాస్త్రవేత్తలు కృత్రిమ మేధ అనే కొత్త పేరుతో సమావేశం జరిపారు. ఆ పేరు పెట్టిన జాన్ మెకార్తీ, వీనర్ సైబర్నెటిక్స్‌కు దూరంగా ఉండడం కూడా తన ఉద్దేశాల్లో ఒకటని తర్వాత ఒప్పుకున్నారు. అంటే ఆ ఇంటికి పెట్టిన పేరులోనే ఈ పెద్దాయన్ని బయట నిలబెట్టారన్నమాట.

బయట నిలబడి ఆయన చెప్పిందే ఇవాళ మనకు ఎక్కువగా పనికొస్తోంది. ఐ.బి.ఎం.లో ఆర్థర్ శామ్యూల్ అనే ఇంజినీరు చెకర్స్ అనే గళ్ల ఆటను ఆడుతూ నేర్చుకునే కంప్యూటర్ ప్రోగ్రాము రాశారు. కొన్నాళ్లకు అది తయారుచేసినవాడినే ఓడించసాగింది. 1960లో సైన్స్ పత్రికలో వీనర్ దీని గురించి రాశారు. మనం చెప్పిందే యంత్రం చేస్తుంది కాబట్టి భయం లేదన్న ధీమాను ఆయన ఒప్పుకోలేదు. యంత్రం మనకన్నా ఎంతో వేగంగా పనిచేస్తుంది. తప్పుదారి పట్టిందని మనం గుర్తించేసరికి పని పూర్తయిపోయి ఉండవచ్చు. కాబట్టి దానికి అప్పగించే లక్ష్యం మనకు నిజంగా కావలసినదో, లేక దాన్ని పోలిన నకిలీయో ముందే సరిచూసుకోవాలన్నది ఆయన వాదన. శామ్యూల్ అదే పత్రికలో ఎదురు సమాధానం రాశారు. యంత్రం దయ్యం కాదని, దానికి సొంత ఇష్టాలేమీ ఉండవని. నిజమే. కానీ వీనర్ భయపడింది యంత్రానికి ఉండే ఇష్టాల గురించి కాదు.

దీన్ని చెప్పడానికి ఆయన తరచూ డబ్ల్యు.డబ్ల్యు. జేకబ్స్ రాసిన ఒక ఇంగ్లిష్ కథను వాడేవారు. భారతదేశంలో ఒక ఫకీరు మంత్రించిన ఎండు కోతి చెయ్యి ఒక ముసలి దంపతుల ఇంటికి చేరుతుంది. అది మూడు కోరికలు తీరుస్తుంది. తండ్రి 200 పౌన్లు కోరతాడు. మర్నాడు కొడుకు పనిచేసే ఫ్యాక్టరీ నుంచి ఒక మనిషి వస్తాడు. కొడుకు యంత్రంలో చిక్కుకుని చనిపోయాడు, కంపెనీ పరిహారం ఇస్తోంది. ఎంతంటే సరిగ్గా 200 పౌన్లు. కోరిక అక్షరాలా తీరింది. డబ్బు కావాలన్నాడు తండ్రి. కొడుకు క్షేమంగా ఉండగా కావాలని విడిగా చెప్పాలని ఆయనకు తోచలేదు. ఏ తండ్రికి తోస్తుంది? భస్మాసురుడి కథ విన్న మనకు ఇది కొత్త కాదు. వరమిచ్చేవాడు మాటనే చూస్తాడు, మనసులోది చూడడు.

వీనర్ పోయాక 50 ఏళ్లు దాటిన తర్వాత, 2016లో, ఓపెన్‌ఏఐ పరిశోధకులు ఒక పడవ పందెం వీడియో గేమ్‌ను కృత్రిమ మేధకు నేర్పించారు. ఆ ఆటలో పందెం పూర్తిచేస్తే కాదు, దారిలో ఉన్న గుర్తులను కొడితే పాయింట్లు వస్తాయి. ఎక్కువ పాయింట్లు తెచ్చుకోమని దానికి లక్ష్యం ఇచ్చారు. పడవ ఒక మూల నీటిమడుగులో గిరగిరా తిరుగుతూ, మళ్లీ మళ్లీ లేచే మూడు గుర్తులనే కొడుతూ ఉండిపోయింది. ఇతర పడవలను గుద్దింది, మంటలు అంటుకున్నాయి, ఎదురు దిశలో వెళ్లింది. గమ్యం చేరనే లేదు. స్కోరు మాత్రం మనుషులు ఆడితే వచ్చేదానికన్నా సగటున 20 శాతం ఎక్కువ.

ఆట కాబట్టి నవ్వుకోవచ్చు. యూట్యూబ్ 2012లో తన సిఫార్సులకు కొలబద్ద మార్చింది. ఎన్నిసార్లు క్లిక్ చేశారన్నది కాకుండా, ఎంతసేపు చూశారన్నది లెక్కలోకి తీసుకుంది. రాత్రి పదకొండింటికి దుప్పటి కింద ఫోన్ చూస్తున్న మన పిల్లకు మర్నాడు పరీక్ష ఉందని ఆ లెక్కకు తెలియదు. తెలియాలని ఎవరూ దానికి చెప్పలేదు. చాట్‌బాట్లదీ ఇలాంటి సంగతే. మనుషులు ఏ జవాబును మెచ్చుకుంటారో చూసి వాటికి శిక్షణ ఇస్తారు కాబట్టి, అవి నచ్చేలా మాట్లాడడం నేర్చుకుంటాయి. మీ అబ్బాయి రాసిన వ్యాసం చూపిస్తే బాగుందంటుంది. టీచరయితే నాలుగు చోట్ల ఎర్ర గీతలు గీసి, మళ్లీ రాయమంటారు.

ఈ వరుసలో మా వైపు కూడా వేలు చూపించుకోవాలి. హోంవర్క్ పూర్తయిందా అని డైరీలో సంతకం అడిగేది మేమే. వారం వారం మార్కులు, ర్యాంకులు ఇంటికి పంపేదీ మేమే. జవాబు పుస్తకంలో కనిపించడమే మనం అడిగితే, ఫోన్ దాన్ని ఒక్క తప్పు లేకుండా ఇస్తుంది. పిల్లాడు అరగంట తల గోక్కుని, మూడుసార్లు కొట్టేసి, చివరికి తనే కనుక్కోవాలన్నది మనకు నిజంగా కావలసినదైతే, అది డైరీలో ఏ గడిలోనూ లేదు. లియో వీనర్ కూడా మేధావి కొడుకును కోరుకున్నారు, మేధావి కొడుకే దక్కాడు. ఆ కోరికలో ఇంకేం చేర్చి ఉండాల్సిందో ఆయన కొడుకు రెండు ఆత్మకథల నిండా రాశారు.

చివరి రోజుల్లో వీనర్ మనిషికీ యంత్రానికీ మధ్య ఏ పని ఎవరికి వదలాలన్న ప్రశ్న మీద ఒక చిన్న పుస్తకం రాశారు. 1964 జనవరిలో అధ్యక్షుడు జాన్సన్ చేతుల మీదుగా అమెరికా జాతీయ విజ్ఞాన పతకం అందుకుని యూరప్ ప్రయాణమయ్యారు. మార్చి 18న స్టాక్‌హోంలో గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 69. ఆ చిన్న పుస్తకం అదే ఏడాది విడుదలైంది, మరుసటి ఏడాది దానికి అమెరికా జాతీయ పుస్తక పురస్కారం వచ్చింది.